అరవై దాటినవాళ్ళం. కర్నూలు నుంచి ఒక్క పూటలో వెళ్ళి ఏదైనా నేర్చుకుని వచ్చే చోట్లు చెప్పండి

లెక్కల టీచర్, కర్నూలు:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నాకు 64 ఏళ్ళు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మేము మొత్తం ఐదుగురం: నేను, మా ఆయన, పక్కింటి అక్కయ్య, నాతో పనిచేసిన ఇద్దరు టీచర్లు. అందరం అరవై దాటినవాళ్ళమే, అందరికీ ఏదో ఒక మాత్ర ఉంది, ఒకరికి మోకాళ్ళ నొప్పి. అయినా నెమ్మదిగా నడవగలం, కొత్త విషయం చెబితే శ్రద్ధగా వింటాం.

ఈ వయసులో బయటికి వెళ్తామంటే అందరూ చెప్పేవి యాత్రలే. మహానంది, యాగంటి, అహోబిలం, శ్రీశైలం అన్నీ ఎన్నోసార్లు చూశాం. భక్తి లేక కాదు గానీ, దర్శనం అయ్యాక అక్కడున్న శాసనంలో ఏం రాసి ఉంది, ఈ రాయి ఎక్కడిది అని అడగాలనిపిస్తుంది, చెప్పేవాళ్ళు దొరకరు. పోయిన ఏడాది మే నెలలో ఒక ట్రావెల్స్ వాళ్ళ బస్సులో వెళ్ళాం, ఒక్కరోజులో ఆరు చోట్లు చూపిస్తామన్నారు. బెలుం గుహల దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకి దింపి ముప్పావు గంట టైమిచ్చారు. లోపల అక్కయ్యకి కళ్ళు తిరిగి అక్కడే కూర్చుండిపోయింది, పైన డ్రైవరు తొందరపెడుతున్నాడు. అంత పెద్ద గుహ ఎలా ఏర్పడిందో కూడా తెలుసుకోకుండా ఇంటికొచ్చాం. ఆ రోజు నుంచి పిల్లలు వేసవిలో గడప దాటొద్దంటున్నారు.

కానీ మాకు కుదిరేది వేసవిలోనే. మిగతా రోజులన్నీ మనవళ్ళ బడి, క్యారేజీలు, ట్యూషన్లు. సెలవులకి కోడళ్ళు పిల్లల్ని తీసుకుని పుట్టిళ్ళకి వెళ్ళిన ఆ నెలా నెలన్నరే మాది. ఒక్కరోజుకి ఒక్క చోటు చాలు. తెల్లారకముందే బయల్దేరి, పదిన్నరకల్లా చూడటం ముగించి, నీడపట్టుకి చేరిపోవాలి. వెళ్ళేముందు ఏం చదువుకోవాలో కూడా చెప్తే ఇంకా సంతోషం.

పత్తికొండ మాస్టారు:

అమ్మా, ముందు మీ గుహ సంగతి చెప్తాను. బెలుంలో ఉన్నది సున్నపురాయి. వాననీళ్ళు గాలిలో నుంచి, మట్టిలో నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటే కొద్దిగా పులుపెక్కుతాయి, ఆ నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి లక్షల ఏళ్ళపాటు రాయిని కరిగించుకుంటూ పోతే ఆ దారులు పడ్డాయి. మనుషులు తొలిచింది కాదు, భూమి లోపల ఏరు చేసిన పని. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు, 1980ల్లో జర్మన్ బృందం వచ్చి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర. మళ్ళీ వెళ్ళండి, కానీ డిసెంబరులో.

ఇప్పుడైతే మీరు జొన్నగిరి దగ్గరున్న ఎర్రగుడి అశోకుడి శాసనాలకి వెళ్ళండి. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో, తుగ్గలి మండలం. కర్నూలు నుంచి కారులో సుమారు రెండు గంటలు. ఈ బండల మీద రాత ఉందని 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించారు. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ రెండు రకాలూ ఒకే చోట ఉండటం చాలా అరుదు, అది మన పత్తికొండ పక్కన ఉంది. ఇరవై రెండు వందల ఏళ్ళు దాటిన రాత. మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళే సగంమంది చూడలేదు, అది నాకు బాధగా ఉంటుంది.

ఆ శాసనాలు రాసింది బ్రాహ్మీ లిపిలో, వెళ్ళే రెండు వారాల ముందు మీ ఐదుగురూ కలిసి దాన్ని నేర్చుకోండి. భయపడొద్దు, లెక్కల టీచరుకి ఇది చాలా సులువు. "క" అంటే కూడిక గుర్తు. "ఠ" అంటే సున్న, మన తెలుగు ఠ లో ఆ సున్న ఇప్పటికీ ఉంది చూడండి. "న" అంటే అడ్డగీత మీద నిలబెట్టిన నిలువుగీత. "వ" అంటే సున్న నెత్తిన ఒక గీత. రోజుకి నాలుగు అక్షరాలు, సాయంత్రం ఒకరికొకరు డిక్టేషన్ ఇచ్చుకోండి, పన్నెండు రోజుల్లో అయిపోతుంది. భాష ప్రాకృతం కాబట్టి అర్థం అంతా తెలియదు, ఆ శాసనాలకి తెలుగు అనువాదం లైబ్రరీలో అడిగి తీసుకుని ముందే చదువుకోండి. అక్కడికెళ్ళి "దేవానంపియ" అనే ఒక్క మాట మీ అంతట మీరు వెతికి చదవండి, చాలు. దేవతలకి ఇష్టుడు అని అర్థం, అశోకుడు తనని తాను అలా చెప్పుకున్నాడు.

ఇంకో రెండు సంగతులు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి ఉన్నాయి, ఎద్దులు సాలు చివర తిరిగి మళ్ళీ ఇటు దున్నుకుంటూ వచ్చినట్టు. అశోకుడి శాసనాల్లో ఇలా ఇక్కడే కనిపిస్తుంది. రెండోది, తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దల్ని గౌరవించాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి అన్న మాటల్ని ఎవరెవరికి నేర్పాలో చెబుతూ ఏనుగులెక్కేవాళ్ళని, "కరణక"లని పేర్కొన్నాడు. కరణక అంటే రాతపని చేసేవాడు. మన ఊళ్ళ కరణం ఆ మాటకి చుట్టమే.

పొద్దున ఆరున్నరకల్లా అక్కడుండాలి. ఎండ గురించే కాదు, సూర్యుడు కిందుగా ఉండి వెలుతురు ఏటవాలుగా పడితేనే చెక్కిన గీతలు నీడ పట్టి కనిపిస్తాయి. నడినెత్తికి వచ్చాక రాయి అంతా ఒకే రంగు. చేత్తో రుద్దడం, సుద్దముక్క పూయడం చేయొద్దు.

బెంగళూరులో ఉండే కొడుకు:

నేను వేరే కోణం చెప్తాను, ఏమనుకోవద్దు. మా అమ్మానాన్నా నంద్యాలలో ఉంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అలాంటి రోజుల్లో వాళ్ళు బయటికెళ్ళారంటే నాకు ఆఫీసులో టెన్షన్. ఫోన్ ఎత్తకపోతే ఇంకా భయం. ఇంట్లోనే కూర్చుని స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో చరిత్ర కోర్సులు చేయొచ్చు కదా, ఉచితమే, పరీక్ష రాస్తేనే ఫీజు. ఎండ తగ్గాక తిరగండి ఆంటీ.

లెక్కల టీచర్, కర్నూలు:

బాబూ, నీ భయం అర్థమైంది, మా అబ్బాయిదీ ఇదే మాట. కోర్సు చేస్తాం, మంచి మాట చెప్పావు. కానీ ఎండ తగ్గాక అంటే పిల్లల బడి మొదలవుతుంది, మళ్ళీ వచ్చే ఏడాదే. 64కి వచ్చే ఏడాది అనే మాట తేలిగ్గా అనలేను. మీ అమ్మగారిని నువ్వు ఆపే బదులు ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి చేరారు అని రెండు మెసేజ్‌లు పెట్టమను, మేమూ ఇంట్లో అదే ఒప్పందం చేసుకుంటాం.

మాస్టారూ, మీ జవాబు నోట్‌బుక్కులో రాసుకున్నాను. డిక్టేషన్ సంగతి విని మా ఆయన కూడా పలక కావాలన్నారు.

స్టాఫ్ నర్సు, నంద్యాల:

అక్కయ్యా, ముప్పై ఏళ్ళు వార్డుల్లో పనిచేశాను, ప్రతి వేసవిలో వడదెబ్బ కేసులు చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ అక్కయ్యగారికి గుహలో కళ్ళు తిరగడంలో వింత లేదు. లోపల గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. పైగా వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దాహమేస్తే తాగుదామంటే అప్పటికే ఆలస్యం. అరగంటకోసారి ఒకరు గుర్తుచేసి అందరిచేతా తాగించాలి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడేవాళ్ళు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎంత తాగాలో, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వెళ్ళేముందు డాక్టరుని అడగండి, సొంతంగా మానేయొద్దు. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు, దగ్గర ఏదైనా తీపి ఉంచుకోవాలి. బాత్రూం ఉండదని నీళ్ళు తాగకుండా వెళ్ళే ఆడవాళ్ళు మనలో చాలామంది, దయచేసి ఆ పని చేయొద్దు, దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపించండి.

ఉప్పు వేసిన మజ్జిగ ఫ్లాస్కులో తీసుకెళ్ళండి, బీపీవాళ్ళకి ఉప్పు తక్కువ. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్ళలో ఒకేసారి మొత్తం కలపాలి, కొంచెం కొంచెం చప్పరించడం కాదు. ఎవరైనా తడబడి మాట్లాడినా, సంబంధం లేకుండా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి, నీడలోకి తీసుకొచ్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇవన్నీ చూసుకుంటే పొద్దుటి పూట వెళ్ళి రావడంలో తప్పేం లేదు. చూడాలన్న ఆశ ఉన్నవాళ్ళని ఇంట్లో కూర్చోబెడితే అదీ మంచిది కాదని నా అనుభవం.

నందికొట్కూరు తమ్ముడు:

వేసవిలో మాత్రమే కనిపించేది ఒకటుంది కదక్కా, సంగమేశ్వరం! మిగతా రోజుల్లో శ్రీశైలం నీళ్ళ కింద ఉంటుంది, నీటిమట్టం బాగా తగ్గితేనే గుడి బయటపడుతుంది. లోపల శివలింగం వేపచెక్కది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి, ఏడు నదుల సంగమం అంటారు. మీరు నేర్చుకోవాలన్నారు కాబట్టి ఒక పని చేయండి. డ్యామ్ కట్టినప్పుడు మునిగే గుళ్ళలో కొన్నిటిని రాయి రాయి విప్పి వేరేచోట మళ్ళీ నిలబెట్టారు. రూపాల సంగమేశ్వర గుడి మీ కర్నూలు దగ్గర జగన్నాథ గట్టు మీదే ఉంది, కూడవెల్లి గుడి అలంపురం చేరింది. ముందు ఒకరోజు సాయంత్రం గట్టుకి వెళ్ళి ఆ గుడి చూసి, తర్వాత సంగమేశ్వరం వెళ్తే నీళ్ళలో ఉండిపోయిందేంటి, బయటికి తెచ్చిందేంటి అని రెండూ పోల్చి చూడొచ్చు. మా తాత వాళ్ళ పొలం కూడా ఆ నీళ్ళలోనే పోయింది, మునిగిన ఊళ్ళవాళ్ళు ఇంకా మా వైపు చాలామంది ఉన్నారు, కూర్చుని అడిగితే గంటలు గంటలు చెప్తారు. ఆ కబుర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

బయల్దేరేముందు నీళ్ళు తగ్గాయో లేదో కనుక్కోండి. కర్నూలు నుంచి గంటన్నర.

ఎర్రముక్కపల్లె వాసి, కడప:

మా కడపని మర్చిపోతున్నారు. ఒక్క పూటలో కాదు, ఒక రాత్రి ఉండేలా రండి. పొద్దున కలమళ్ళ. ఎర్రగుంట్ల దగ్గర, చెన్నకేశవ స్వామి గుడి ఉన్న ఊరు. రేనాటి చోళ రాజు ఎరికల్ ముతురాజు ధనంజయుడు 575 ప్రాంతంలో వేయించిన శాసనం దొరికింది అక్కడే, తెలుగులో మొదటి శాసనం అని పండితులు చెప్పేది దాన్నే. అంతకుముందు రాజులు ప్రాకృతం, సంస్కృతాల్లో రాయించేవాళ్ళు. మాస్టారు చెప్పిన ఎర్రగుడి చూసి తర్వాత ఇక్కడికొస్తే ఎనిమిది వందల ఏళ్ళ దూరం రెండు ఊళ్ళలో కనిపిస్తుంది.

ఎండెక్కేసరికి కడప చేరి బ్రౌన్ లైబ్రరీలో కూర్చోండి. ఎర్రముక్కపల్లెలో, ఒకప్పుడు సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే కట్టారు. 1820లో ఉద్యోగానికి కడప వచ్చిన తెల్లదొర, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు పోల్చి శుద్ధప్రతులు రాయించాడు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేశాడు. నేను రిటైరయ్యాక వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. ఫ్యాను కింద కూర్చుని ఒక్క మాట పట్టుకుని దాని వెనకాల పోతే మధ్యాహ్నం ఎప్పుడైందో తెలియదు.

ధర్మవరం చేనేత:

చేత్తో చేసి నేర్చుకోవాలనుంటే మా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట రండి మేడం, తోలుబొమ్మలు చేసే ఊరు. మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, ఉలితో చుక్క చుక్క తొలిచి రంగులేస్తారు. ముందే మాట్లాడుకుని, వాళ్ళ సమయానికి డబ్బిచ్చి, రెండు గంటలు పక్కన కూర్చోండి. ఇంటి లోపలి పని కాబట్టి ఎండ బాధ లేదు. ఊరికే ఫొటోలు తీసుకుని పోయేవాళ్ళంటే వాళ్ళకీ విసుగే.

బస్సులో వచ్చేవాళ్ళకి ఇంకో మాట. అరవై దాటితే ఆర్టీసీలో పావు వంతు రాయితీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకి 2025 ఆగస్టు నుంచి టికెట్టే లేదు. ఆధార్ కార్డు మాత్రం దగ్గరుంచుకోండి.

లెక్కల టీచర్, కర్నూలు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నిన్న ఎర్రగుడి వెళ్ళొచ్చాం.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం, ఆరున్నరకి శాసనాల దగ్గరున్నాం. పన్నెండు రోజుల్లో అక్షరాలు అవుతాయన్నారు గానీ మాకు పదిహేడు రోజులు పట్టింది, మ, య ఇప్పటికీ తడబడతాయి. మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించలేదు, అన్నీ రాతి పగుళ్ళలాగే ఉన్నాయి, నాకు కొంచెం దిగులేసింది. ఎండ పక్కనుంచి పడేసరికి ఒక్కొక్క గీత తేలింది. మొదట "న" దొరికింది మా ఆయనకి. దాని ఇటూ అటూ చూసుకుంటూ పోయి "దేవానంపియ" చదివింది మాత్రం మా అక్కయ్య. ఐదో తరగతితో బడి ఆపించారు ఆమెని, పోయిన ఏడాది గుహలో కళ్ళు తిరిగింది కూడా ఆమెకే. గట్టిగా పైకి చదివింది, తర్వాత ఇంకోసారి చదివింది. మాస్టారూ, ఆ గొంతు మీరు వినాల్సింది.

ఎండ చురుక్కుమనేసరికి కిందికి దిగి పత్తికొండలో ఉగ్గాని బజ్జీ తిన్నాం. నర్సమ్మ చెప్పినట్టు అరగంటకోసారి అందరిచేతా మజ్జిగ తాగించాను. పన్నెండున్నరకి ఇంట్లో ఉన్నాం. అబ్బాయికి రెండు మెసేజ్‌లు పెట్టాను, రెండోదానికి "ఫొటోలు పంపమ్మా" అన్నాడు.

ఈ మంగళవారం సాయంత్రం జగన్నాథ గట్టు, ఆదివారం సంగమేశ్వరం. నందికొట్కూరు తమ్ముడూ, నీళ్ళు ఎంతవరకు తగ్గాయో శనివారం ఒకసారి ఇక్కడే రాస్తావా? మీ ఊళ్ళో మునిగిన పల్లెలవాళ్ళు ఎవరైనా మాట్లాడతామంటే ఒక గంట ఎక్కువ ఉంటాం, నోట్‌బుక్కు తెస్తున్నాను.