ఆత్మీయ తండ్రి మాట ఎంతవరకు వినాలి?

హైదరాబాద్_విశ్వాసి:
అందరికీ వందనాలు. మాది స్వతంత్ర క్రైస్తవ సంఘం. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరినీ ఒక పెద్దకు అప్పగిస్తారు. ఆయనే ఆత్మీయ తండ్రి, ఆడవాళ్లకైతే ఆత్మీయ తల్లి. మా నాన్న పోయినప్పుడు ఆ పెద్దాయనే ఆస్పత్రిలో మాతో ఉన్నారు. ఆ తర్వాత కూడా వారం వారం ఇంటికొచ్చి నాతో కూర్చుని వాక్యం చదివేవారు. ఆ మేలు మరిచిపోలేను. ఇప్పుడు పుణెలో ఉద్యోగం వచ్చింది. ‘దీని గురించి నా మనసుకు సమాధానం (నెమ్మది) లేదు, వెళ్లొద్దు’ అంటున్నారు. కాదని వెళ్తే కాపుదల పోతుందని సంఘంలో కొందరు చెబుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ బంధం వాక్యానుసారమేనా? అయితే ఆయన మాటకు హద్దు ఎక్కడ?

ఒంగోలు_పెద్ద:
తమ్ముడూ, వాక్యానుసారమే. ఉపదేశకులు పదివేలమంది ఉన్నా తండ్రులు ఎక్కువమంది లేరని కొరింథు సంఘానికి పౌలు రాశాడు. థెస్సలొనీకలో ఒక్కొక్కరినీ తండ్రిలా హెచ్చరించాను, ధైర్యపరిచాను అన్నాడు. అదే అధ్యాయంలో పాలిచ్చే తల్లితో పోల్చుకున్నాడు. మా ప్రాంతం సంగతే చూడండి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు కాలం అది. అంతమందిని మిషనరీ క్లౌ దొరగారు ఒక్కరే ఎలా చూసుకుంటారు? పల్లెపల్లెకూ తిరిగిన మన బోధకులు, ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు పేరు పేరునా పలకరించారు కాబట్టే ఆ విశ్వాసం నిలబడింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారిని జనం ‘తండ్రిగారు’ అనే పిలుచుకున్నారు. ఈ రోజు ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరి దారి వారిదే. అడిగే మనిషి లేక ఎంతమంది యౌవనస్థులు జారిపోతున్నారో నేను చూస్తున్నాను.

వాక్య_విద్యార్థి:
అన్నయ్యా, అడిగే మనిషి కావాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఉద్యోగానికి, పెళ్లికి అనుమతి కావాలనడంతోనే నా గొడవ. ఇది ఇంతకుముందు జరిగి చూసిన సంగతే. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడాలో అయిదుగురు పేరున్న బోధకులు ప్రతి విశ్వాసికీ ఒక సొంత కాపరి ఉండాలని నేర్పించారు. ఒంటరిగా ఉన్న విశ్వాసులకు తోడు దొరకాలన్నదే వారి కోరిక. కానీ చాలాచోట్ల ఎవరిని పెళ్లి చేసుకోవాలో, ఎక్కడ ఉండాలో కాపరే చెప్పే స్థితి వచ్చింది. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు కానుక కూడా ఆ కాపరికే వెళ్లేది. 1975కల్లా పెద్ద వివాదమైంది. ఆ అయిదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ అడిగారు. మంచి ఉద్దేశంతో మొదలైనదే అలా మారింది.

డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో కూడా చూడాలి. పిల్లలు తల్లిదండ్రుల కోసం కూడబెట్టరు, తల్లిదండ్రులే పిల్లల కోసం కూడబెడతారని రెండో కొరింథీ 12లో పౌలు రాశాడు. ఫిలేమోను పత్రిక తెరవండి. ఫిలేమోను దాసుడైన ఒనేసిమును పౌలు ‘నా కుమారుడు’ అంటాడు. అతని బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తాను అంటాడు. ఆజ్ఞాపించే చనువు ఉన్నా ఫిలేమోనును బతిమాలతాడే గాని బలవంతం చేయడు. నీ మంచితనం ఇష్టపూర్వకంగా ఉండాలి అంటాడు. నాకు తెలిసిన ఆత్మీయ తండ్రి ఈయనే. తండ్రి పేరు పెట్టుకుని ఇందులో ఏదీ చేయనివాళ్లను ఆ పేరుతో పిలవడం నాకు కష్టం.

ఏలూరు_జ్ఞానతల్లి:
మేం కథోలికులం. మా బంధువుల పాపకు నేను జ్ఞానతల్లిని, అంటే బాప్తిస్మంలో తోడు నిలిచిన తల్లిని. కన్న తల్లిదండ్రులు తమ బిడ్డకు జ్ఞానతల్లిదండ్రులు కాకూడదని మా శ్రీసభ (కథోలిక సంఘం) చట్టమే చెబుతుంది. ఇంటికి ఇంకో తోడు కావాలనే దాని భావమని నేను అనుకుంటాను. ఇంకొక నియమం మీకు పనికొస్తుందేమో. మఠాల్లో పైఅధికారి తన కింద ఉన్నవాళ్లను మనసులోని మాట తనకు విప్పి చెప్పమని ఏ విధంగానూ ఒత్తిడి చేయకూడదు. గురువులు కాబోయేవాళ్లు చదివే గురువిద్యాలయ అధిపతి అక్కడుండే విద్యార్థుల పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) సాధారణంగా వినరు, వాళ్లే ఇష్టపడి అడిగితే తప్ప. రహస్యాలు తెలిసిన మనిషి చేతిలోనే మన భవిష్యత్తు కూడా ఉంటే లోపల ఉన్నది దాచేస్తాం. తమ్ముడూ, మీ సంఘంలో ఈ రెండూ ఒకే మనిషి చేతిలో పెట్టారు. అదే నాకు భయంగా ఉంది.

ఒంగోలు_పెద్ద:
అమ్మా, మీ మాట ఆలోచించాల్సిందే. చిన్న సంఘాల్లో అలా విడదీయడానికి మనుషులు దొరకరు, ఇబ్బంది అక్కడే. అయినా ఒకటి ఒప్పుకుంటాను, ‘కాపుదల పోతుంది’ అని బెదిరించడం తప్పు. కాపాడేది దేవుడు. తమ్ముడూ, ఆయన దగ్గరకు నువ్వే వెళ్లు. వద్దనడానికి కారణం అడుగు. ఊరుకాని ఊళ్లో ఒంటరివైపోతావని ఆయన దిగులేమో. పుణెలో సంఘానికి నిన్ను పరిచయం చేస్తూ ఉత్తరం రాసిమ్మను. ఫీబే అనే సహోదరిని అప్పగిస్తూ పౌలు రోమా సంఘానికి రాశాడు కదా.

హైదరాబాద్_విశ్వాసి:
ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడతాను అన్నయ్యా. ఉత్తరం ఇవ్వనంటే?

వాక్య_విద్యార్థి:
అయినా వెళ్లు తమ్ముడూ. వెళ్లాక నువ్వే ఆయనకు ఫోన్ చేస్తూ ఉండు.

ఒంగోలు_పెద్ద:
అంత తొందర వద్దు. ఇవ్వనంటే ఇంకో ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని మళ్లీ అడుగు. చేరడానికి ఇంకా గడువు ఎంత ఉంది?