పాత ఇంటి వైరింగ్: ఆర్‌సీసీబీ పెడితే సరిపోతుందా, తీగలన్నీ మార్చాలా?

బర్కత్‌పుర నివాసి: మా నాన్నగారు 1984లో కట్టించిన ఇంటిలో కొయ్య పట్టీల మీద పరచిన అల్యూమినియం తీగలే నేటికీ ఉన్నాయి. గతవారం గీజర్ స్విచ్‌బోర్డు విప్పితే, తీగ మీది తొడుగు నల్లబడి, వేలు తగలగానే పెళుసుగా రాలిపోయింది. ఒక ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకు, తిరిగి వచ్చినదానికి తేడా వస్తే సరఫరా ఆపేసే స్విచ్) చాలన్నారు, మరొకరు మొత్తం మార్చాలన్నారు. తెలిసినవారు చెప్పగలరు.

మలక్‌పేట పాతకాపు: మొత్తం మార్చనవసరం లేదండీ. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. అది పనిచేయడానికి ఎర్త్ కూడా అక్కరలేదు.

విశ్రాంత ఓవర్సీర్: ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని, తీగను కాదు. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. వదులైన అల్యూమినియం జాయింటు ఆ భారానికి కాలిపోతున్నా, వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ గుండా తిరిగి వస్తూనే ఉంటుంది కనుక ఆర్‌సీసీబీకి ఏ తేడా కనిపించదు. మీ బోర్డులో తొడుగు నల్లబడింది వేడివల్లనే.

మలక్‌పేట పాతకాపు: ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ పనిచేస్తుందా, లేదా? ముందు దానికి జవాబు చెప్పండి.

విశ్రాంత ఓవర్సీర్: పనిచేస్తుంది. అయితే ఎర్త్ ఉంటే గీజర్ బాడీకి కరెంటు తగిలిన క్షణంలోనే ట్రిప్ అవుతుంది. లేకపోతే ఎవరో ఒకరు దానిని ముట్టుకుని, వారి ఒంటి గుండా కరెంటు పారిన తరువాతే ట్రిప్ అవుతుంది.

మలక్‌పేట పాతకాపు: పనిచేస్తుందని మీరే ఒప్పుకున్నారు.

కోఠి మిత్రుడు: ట్రూప్ బజార్‌లో తీగ కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూసుకోండి.

విద్యానగర్ అద్దెదారు: నిరుడు వానాకాలంలో స్నానాలగదిలో కుళాయి తిప్పబోయిన మా అమ్మకు షాక్ కొట్టింది. యజమానికి చెబితే చెప్పులు వేసుకుని స్నానం చేయమన్నారు. తరువాత పెట్టించిన ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని, లోపం ఎక్కడుందో వెతకకుండా, దానినే తీయించి తీగలు నేరుగా కలిపించారు. ఇల్లు అద్దెకిచ్చేవారందరి ధోరణీ ఇదే.

మలక్‌పేట పాతకాపు: అందరినీ ఒకే గాటన కట్టకండి. నాకు మూడు పోర్షన్లున్నాయి, పెన్షన్ లేదు, ఆ అద్దెలే ఆధారం. గోడలు చెక్కి తీగలు మార్చాలంటే మూడు కుటుంబాలను ఖాళీ చేయించాలి. అంతా అయ్యాక వచ్చినవారు అడగకుండా ఏసీ బిగిస్తారు, కాలేది నా తీగ.

విశ్రాంత ఓవర్సీర్: అయితే మీ ఇబ్బంది డబ్బు గురించి, ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఎర్త్ మీద ఇంత వాదించేవాళ్లం కాదు. గోడ చెక్కనవసరం లేదు. గీజర్‌కు, ఏసీకి వేర్వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను ఎర్త్ తీగతో సహా గోడపై పీవీసీ కేసింగ్‌లో తీసుకెళ్లి, విడివిడిగా ఎంసీబీలు (తీగ మోయగలిగినదానికి మించి కరెంటు పారితే ఆపేసే స్విచ్‌లు) పెట్టించండి. మిగతా తీగలను, తొడుగు నిరోధాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షించి, 1 మెగా ఓమ్ కూడా చూపని లైన్లను ముందు మార్చండి.

బర్కత్‌పుర నివాసి: గీజర్ వాడకం ఆపేశాం. ఆదివారం మెగ్గర్‌తో వస్తున్నారు.

విద్యానగర్ అద్దెదారు: కేసింగ్ ఖర్చులో సగం నేను పెట్టుకుంటానని మా యజమానిని అడుగుతాను.

మలక్‌పేట పాతకాపు: స్నానాలగది లైను ఖర్చు మీరు పెట్టకూడదు, అది యజమాని బాధ్యత. నా పోర్షన్లలో నేనే వేయిస్తాను. ఏసీ లైను మాత్రం ఏసీ పెట్టుకునేవారే వేయించుకోవాలి. ఆ మాట మార్చుకోను.