మారిషస్ రికార్డులో ‘గంజాం జిల్లా’ అని ఉంటే వాళ్లు మనవాళ్లా, ఒడిశా వాళ్లా?

వకోవా_కిరణ్:

అందరికీ నమస్కారం. నాది విజయనగరం. రెండేళ్లుగా మారిషస్‌లో ఉద్యోగం, వకోవాలో అద్దెకుంటున్నాను. మా ఓనరమ్మకి 78 ఏళ్లు. తెలుగు మాట్లాడలేదు, ఇంట్లో అంతా క్రియోలే. కానీ ఉగాదికి పచ్చడి చేస్తుంది, సింహాద్రి అప్పన్న పూజ మానదు. ‘అమ్మవారు’ అనదండీ, ‘అమ్మోరు’ అంటుంది. మొదటిసారి ఆ మాట ఆవిడ నోట వింటే మా అమ్మమ్మ వెనకనించి పిలిచినట్టనిపించింది.

2024 మార్చిలో మన రాష్ట్రపతి ఇక్కడికి వచ్చినప్పుడు, ఏడో తరం వాళ్లకి కూడా ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఇస్తామని ప్రకటించారు. దాంతో ఆవిడ మనవడు కాగితాల వేట మొదలుపెట్టాడు. మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, ఒప్పందం మీద చెరుకుతోటల పనికి వచ్చిన కూలీల పాత వలస రిజిస్టర్లన్నీ అక్కడే ఉన్నాయి. అక్కడ ఆవిడ ముత్తాత వివరాలు దొరికాయి. కాగితం మీద ఉన్నది ఇదీ: పేరు అప్పడు (వాళ్లు ‘అప్పాడూ’ అని సాగదీసి రాశారు, ఇప్పుడు అదే ఈ కుటుంబానికి ఇంటిపేరు). తండ్రి పేరు రాముడు. వయసు 22. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఎడమ చేతి మీద పచ్చబొట్టు. కులం దగ్గర ‘తెలింగా’. జిల్లా గంజాం, పరగణా ‘చికాకోల్’, ఊరు ‘నుర్సంపేట్’ లాంటిదేదో, మధ్యలో సిరా చెదిరింది. మద్రాసులో ఓడెక్కాడు, 1866లో దిగాడు. ఓ ఫొటో కూడా ఉంది.

మనవడు ఫోన్‌లో గంజాం అని కొడితే ఒడిశా వచ్చింది. భోజనాల దగ్గర సరదాకి, ‘గ్రాన్‌మే, మనం తెలుగువాళ్లం కాదట’ అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే నా గది తలుపు తట్టి, ‘అయితే ఇన్నాళ్లూ మేం ఎవరి పండగలు చేసుకున్నట్టు?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచక ‘కనుక్కుంటానమ్మా’ అన్నాను.

ఆ ఊరేదో ఎవరైనా చెప్పగలరా? అసలు ఇంటిపేరు ఎక్కడైనా దొరుకుతుందా? ఇంకో చిన్న అనుమానం, ఫొటోలో మనిషి 22 ఏళ్లవాడిలా లేడు. ముప్పై దాటినవాడిలా ఉన్నాడు. వేరే మనిషి ఫొటో అంటించారంటారా?

సిక్కోలు_మాస్టారు:

బాబూ, ఆవిడకి ముందు ఈ మాట చెప్పు: నిశ్చింతగా అమ్మోరు పండగ చేసుకోమను.

చికాకోల్ అంటే మా శ్రీకాకుళమే. దొరలు పలకలేక అలా తిప్పారు. ఆ రోజుల్లో మా ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు గంజాం అటు వెళ్లింది. చికాకోల్, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. మా తాతగారి భూమి కాగితాల మీద ఇప్పటికీ ‘గంజాం జిల్లా’ అనే ఉంటుంది. ఆయనకి ఒరియాలో ఒక్క ముక్క రాదు, సంతలో బేరానికి తప్ప.

ఊరు నరసన్నపేట అయ్యుంటుంది. శ్రీకాకుళం దాటాక టెక్కలి వైపు వెళ్తుంటే హైవే మీదే తగులుతుంది. గుమాస్తా చెవికి ‘నర్సన్‌పేట’ అని వినపడిందన్నమాట. విశాఖ వైపు నర్సీపట్నం ఉంది గానీ దాని పక్కన చికాకోల్ అని రాయరు. జిల్లా పేరొక్కటే చూస్తే మోసపోతాం, పరగణా గడి చూడాలి. అయితే ఒక మాట. పల్లెటూరి కుర్రాడిని ‘ఏ ఊరు’ అంటే పక్కనున్న పెద్ద ఊరు పేరే చెప్తాడు. నేను హైదరాబాద్‌లో శ్రీకాకుళం అనే చెప్తాను, నా ఊరు చెప్తే ఎవరికి తెలుస్తుంది?

ఇంకోటి. 1866 అంటే మా వైపు కరువు రోజులు. ఒరిస్సా కరువని పుస్తకాల్లో రాస్తారు గాని అది గంజాంని కూడా వదల్లేదు. 22 ఏళ్ల కుర్రాడు మద్రాసు దాకా ఎందుకెళ్లాడో వేరే చెప్పాలా?

గోదావరి_గట్టు:

మారిషస్ తెలుగువాళ్లంతా కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లేనండి. అందుకే వాళ్లని అక్కడ ‘కోరంగీలు’ అంటారు. కాకినాడ చుట్టుపక్కల వెతకమనండి.

మోకా_కోడలు:

గోదావరి గారూ, ఆ పేరు నిజమే, కానీ అందరికీ వర్తించదు. కోరంగి నుంచి ఓడలు వచ్చింది 1830ల్లో, మొదట్లో. 1839లో తుపాను కోరంగిని తుడిచిపెట్టింది. 1842 చట్టం తర్వాత కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచే పంపాలి. పేరు మాత్రం ఇక్కడ నిలిచిపోయింది.

కిరణ్ గారూ, నాది అనకాపల్లి, పెళ్లయి ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లు. మా ఆయన తరఫు వాళ్ల కాగితాలు నేనే తవ్వాను, కాబట్టి దెబ్బలు తిన్న అనుభవంతో చెప్తున్నా. నేను చేసిన తప్పేంటంటే పేరు పట్టుకుని వెతకడం. ఎనిమిది నెలలు ఒక ‘వెంకటసామి’ వెంట పడ్డాను. ఏ ఎస్టేటులో చేశాడో, ఎవర్ని పెళ్లి చేసుకున్నాడో అంతా రాసుకున్నాక తేలింది, ఆయన మావాడు కాదని. అత్తగారికి అప్పటికే ఫొటో ఫ్రేము కట్టించి ఇచ్చాను కూడా! దించడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ‘ఎవరో ఒకరి తాతే కదా, ఉండనీ’ అంది. ఇప్పటికీ ఇద్దరు వెంకటసాములూ పక్కపక్కనే ఉన్నారు.

ఇక్కడ మనిషికి పేరు కాదు, నంబరు ముఖ్యం. దిగిన ప్రతి ఒక్కరికీ ఓ నంబరు ఇచ్చారు. మొత్తం నాలుగున్నర లక్షల మందికి పైనే. పిల్లల పుట్టుక, పెళ్లి పత్రాల్లో తల్లిదండ్రుల పేర్ల పక్కన ఆ నంబరు రాసేవారు. ఓనరమ్మ పుట్టిన పత్రం నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లి, ముత్తాత కొడుకు పత్రంలో ఉన్న నంబరూ, మీ కాగితం మీది నంబరూ ఒకటేనా చూడండి. ఒకటైతే ఇక తిరుగులేదు.

ఫొటో సంగతి: అది ఓడ దిగినప్పుడు తీసింది కాకపోవచ్చు. అయిదేళ్ల ఒప్పందం ముగిసినవాళ్లని ‘పాత వలసదారు’ అనేవారు. 1867 చట్టం వచ్చాక వాళ్లు ఫొటో అంటించిన టికెట్టు దగ్గర పెట్టుకుని తిరగాలి, లేకపోతే పోలీసులు పట్టుకెళ్లేవారు. కాబట్టి మీరు చూస్తున్నది చెరుకుతోటలో అయిదేళ్లు పైబడి చేసిన మనిషిని. పైగా అతను దిగిన వెంటనే ఇక్కడ మలేరియా వచ్చింది, 1867లో పోర్ట్ లూయిస్‌లో శవాల్ని మోసే దిక్కు లేకపోయింది. ముప్పై ఏళ్లవాడిలా కనిపించాడంటే ఆశ్చర్యమేముంది?

ఇంటిపేరు మాత్రం రిజిస్టర్లో దొరకదండీ. అడగలేదు, రాయలేదు. నాకు కడుపు మండేది అక్కడే. మనకి ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకి చివర ఒకటి కావాలి. అందుకని అతని సొంత పేరే పిల్లలకి ఇంటిపేరు చేసేశారు. ఈ ద్వీపంలో ‘అప్పాడూ’లు బోలెడుమంది, ఒకరికొకరు చుట్టాలు కానక్కర్లేదు. ఎవరైనా ‘మీ ఇంటిపేరు పట్టి ఊళ్లో చుట్టాల్ని వెతికిపెడతాం’ అని డబ్బడిగితే ఇవ్వకండి.

సిక్కోలు_మాస్టారు:

కోడలమ్మ చెప్పింది నిజం. 1866 నాటి జనన నమోదు మా ఊళ్లలో ఎక్కడుంది? ఊరు చూడాలనుకుంటే రమ్మనండి, నేను దగ్గరుండి తిప్పుతాను. చుట్టాలు దొరుకుతారని మాత్రం ఆశ పెట్టొద్దు.

వకోవా_కిరణ్:

అందరికీ థాంక్సండీ. నంబరు సరిపోయింది. తాతగారి పుట్టిన పత్రం వాళ్ల బీరువాలోనే ఉంది, వెనక్కి మడతపెట్టి. ఆరంకెలూ కలిశాయి.

మాస్టారు గారు రాసింది ఓనరమ్మకి క్రియోల్‌లో చెప్పాను, నాకొచ్చినంతలో. తాత భూమి కాగితం సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత మనవణ్ని పిలిచి ఏదో గట్టిగానే అంది, నాకు సగం అర్థం కాలేదు, వాడు మాత్రం ‘వీ గ్రాన్‌మే, వీ గ్రాన్‌మే’ అంటూ నిలబడ్డాడు. ‘నరసన్నపేట’ అనడం నేర్చుకుంటోంది. ‘నర్సన్‌పేట’ దగ్గరే ఆగిపోతోంది, గుమాస్తా రాసినట్టే.

మాస్టారూ, ఆవిడ తరఫున ఒక ప్రశ్న. మీ వైపు అమ్మోరికి నైవేద్యం ఏం పెడతారు? ఇక్కడ వీళ్లు చేసేది అక్కడిదో కాదో పోల్చుకుంటుందట. ఈ ఆదివారం లోపు చెప్పగలరా?