35(3) నోటీసు మీద స్టేషన్‌కి వెళ్తే లాయర్ పక్కన కూర్చోవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి స్టేషన్ నుంచి నోటీసు ఇచ్చారండి, చీటీపాట డబ్బుల గొడవ, చీటింగ్ కేసంట, ఎల్లుండి పదింటికి రమ్మన్నారు. లాయర్ని వెంటబెట్టుకెళ్తే లోపలికి రానిస్తారా? మా బాబాయేమో లాయర్ని చూస్తే ఎస్సైకి ఒళ్లు మండుద్ది, ఒక్కడే వెళ్లి బతిమాలుకోమంటున్నాడు.

జవాబు: ఆ సలహా మాత్రం పాటించకండి. ఆ నోటీసు ఇచ్చే 35(3) అంటే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (BNSS)లో సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 41ఏ, 2024 జులై 1 నుంచి చట్టం పేరూ నంబర్లూ మారాయంతే. అది అరెస్ట్ కాదు, చెప్పిన టైముకి వెళ్లి సహకరిస్తుంటే మామూలుగా అరెస్ట్ చెయ్యకూడదు, చెయ్యాలనుకుంటే కారణం రాసి పెట్టాలి. ఎగ్గొడితే మాత్రం ఆ రక్షణ పోద్ది.

లాయర్ సంగతికొస్తే, సెక్షన్ 38 అరెస్టయినోళ్లకి విచారణ జరుగుతుండగా నచ్చిన లాయర్ని కలిసే హక్కు ఇచ్చింది గానీ, విచారణ సాగినంతసేపూ కాదని అందులోనే మెలిక పెట్టారు. నోటీసు మీద వెళ్లినోళ్ల ఊసు అందులో లేదు. అయినా 1978లో నందినీ సత్పతి కేసులో (ఒడిశా మాజీ సీఎం ఆవిడ) నిందితుడు అడిగితే లాయర్ని పక్కన ఉండనివ్వాలనే సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత కొన్ని కేసుల్లో కోర్టులు లాయర్ కనపడేంత దూరంలో ఉండొచ్చు, మాటలు వినపడకూడదు అని ఆర్డర్లిచ్చాయి. మన స్టేషన్లలో జరిగేదేంటంటే లాయర్ వెళ్లి ఎస్సైకి కనపడి, నోటీసు మీద హాజరైనట్టు ఒక కాగితం ఇచ్చి, దాని కాపీ మీద రైటర్ దగ్గర ముద్ర వేయించుకుని బయట బెంచీ మీద కూర్చుంటాడు. అంతమాత్రానికే లోపల మాటతీరు మారిపోద్దండి.

ప్రశ్న: సంతకాలు పెట్టమంటే?

జవాబు: సెక్షన్ 180 కింద పోలీసులు విచారణలో రాసుకునే స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోకూడదని 181లో ఉంది. తెల్లకాగితం మీద ఛస్తే పెట్టొద్దు. నేరం మీదకి తెచ్చే ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదు, అలాగని పేరూ ఊరూ కూడా చెప్పనని మొండికేస్తే మనకే చేటు.

ఇంకొకరు: ఫీజు ఇబ్బందైతే 15100కి ఫోన్ చెయ్యండి, లీగల్ సర్వీసెస్ వాళ్లది. ఒకవేళ అరెస్ట్ చేస్తే కస్టడీలో ఉన్నోళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు.

ప్రశ్న: థాంక్సండి. మా అమ్మని కూడా సాక్షిగా రమ్మంటున్నారు, చీటీ పుస్తకం ఆవిడ దగ్గరుందని.

జవాబు: సాక్షిగా అయితే ఆడవాళ్లని స్టేషన్‌కి పిలవకూడదు, సెక్షన్ 179. ఇంటికే వచ్చి అడగమనండి. పుస్తకం ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోటో తీసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.