పొద్దున ఐదింటికి ఉన్న పరలోకం తొమ్మిదింటికల్లా ఎటు పోతోంది?

గుంటూరు గుమాస్తా:
అందరికీ వందనాలు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. పందొమ్మిదేళ్లుగా ఇదే పని.

పోయినేడు మా నాన్న ప్రభువునందు నిద్రించారు. చివరి పది రోజులూ "ఇంటికి పోతా" అని ఒకటే గొడవ. "ఇంట్లోనే ఉన్నావు నాన్నా, ఇదిగో నీ మంచం" అని చూపించేవాళ్లం. ఒకరోజు పాస్టర్‌గారు విని, "ఆయన అడిగేది ఈ ఇల్లు కాదయ్యా" అన్నారు. అప్పటిదాకా పరలోకం అంటే నాకు సమాధి కార్యక్రమాల్లో వినే మాట. ఆ తర్వాత నిజంగా ఒక ఊరు అనిపించడం మొదలైంది, మా నాన్న ముందు బస్సులో వెళ్లిపోయిన ఊరు.

పొద్దున ఐదింటికి ప్రార్థన చేసుకుంటే ఆ ఊరు చాలా దగ్గర. "పైనున్న వాటిమీదనే గాని, భూసంబంధమైన వాటిమీద మనస్సు పెట్టుకొనకుడి" అని చదువుకుని బండెక్కుతా. యార్డు గేటు దాటగానే ఘాటుకి తుమ్ములు. లాట్లు, వేలం, కాటా చీటీలు, ఫోన్లు. మళ్లీ దేవుడు గుర్తొచ్చేది మధ్యాహ్నం క్యారేజీ మూత తీసినప్పుడే, అదీ కళ్లు మూసుకోవాలి కాబట్టి.

ఇంకోటి. మచ్చు, అంటే శాంపిల్ పేరుతో ప్రతి టిక్కీలోంచీ (మిర్చి బస్తా) గుప్పెళ్ల కొద్దీ కాయలు తీస్తారు. అవి రైతుకి తిరిగి వెళ్లవు. నేను తియ్యను, తూకం చీటీ మాత్రం నా చేత్తోనే రాస్తాను. ఆదివారం చర్చిలో ప్రభువు బల్లలో రొట్టె కోసం చెయ్యి వేసేటప్పుడు ఆ చెయ్యే కనిపిస్తోంది.

పైగా ఇల్లు. రేకులు కారుతున్నాయి. స్లాబుకి లోన్ తీసుకుందామంటే, వాక్యం చెప్పడానికి వచ్చిన ఒకాయన "ఈ లోకంలో యాత్రికుడికి స్లాబెందుకు?" అన్నాడు. మా ఆవిడ ఊరుకోలేదు: "పైన నివాసం ఉంది సరే, కింద చాపలు తడుస్తున్నాయి."

రోజంతా పరలోకం మనసులో పెట్టుకుని బతకడం ఎలా? వాక్యాలు చాలానే తెలుసండీ. మీరు ఎలా చేస్తున్నారో చెప్పండి.

మెలకువ గలవాడు:
ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. ప్రభువు రాకడ దగ్గర్లో ఉంది. లోన్ వద్దు. ఫోన్‌లో గంటగంటకీ అలారం పెట్టుకుని ప్రార్థన చెయ్యండి. నేను అలాగే చేస్తున్నా.

రిటైర్డ్ నర్సమ్మ:
అలారం మంచిదే తమ్ముడూ. కానీ నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. డ్యూటీలో గంటగంటకీ మోగితే నన్ను ఇంటికి పంపేసేవాళ్లు.

గుమాస్తాగారూ, ముందు స్లాబు సంగతి. బబులోనుకి చెరపట్టబడిన యూదులకి యిర్మీయా ప్రవక్త ఉత్తరం రాశాడు, బైబిల్లో ఆయన గ్రంథం 29వ అధ్యాయం. అది వాళ్ల సొంతూరు కాదు, తిరిగి వెళ్లాల్సిన వాళ్లే. అయినా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. మీ గుంటూరులోనే చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారు, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు, 1930లో ఇక్కడే కన్నుమూశారు. పరలోకం మీద ఆశ లేకే వచ్చిందా ఆ తల్లి? నాలుగు రోజుల లోకమే కదా అని పందిరితో సరిపెట్టలేదు. కట్టుకోండి. తీర్చగలిగినంతే అప్పు చెయ్యండి.

నేను చేసిందంటారా, చిన్నదే. చివరి దశలో ఉన్న పేషెంటుకి దుప్పటి మార్చేటప్పుడు మడతలు లేకుండా లాగేదాన్ని. స్పృహ లేని మనిషికి మడతలెందుకు తెలుస్తాయి అని జూనియర్లు నవ్వేవారు. రేపు ఆ మనిషి, నేను ఎదురుపడితే మొహం చూడగలగాలి కదా అనుకునేదాన్ని.

మచ్చు సంగతి నేను చెప్పక్కర్లేదు. దొంగత్రాసు దేవుడికి హేయమనే సామెతలు 11:1 మీకే బాగా తెలుసు.

కువైట్ కోనసీమ చెల్లి:
అన్నా వందనాలు. నేను ఇక్కడ ఒక ఇంట్లో వంటపని చేస్తాను. శుక్రవారం సెలవిస్తే ఆరాధనకి వెళ్తా, లేకపోతే ఫోన్‌లోనే.

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. మా ఊరిని, మా పిల్లని నేను రోజంతా తలుచుకోను. తలుచుకుంటే కూర మాడుతుంది. కానీ నా మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. సబ్బులు, పాలపొడి డబ్బా, పిల్లకి గౌను, మా అత్తకి మోకాళ్ల బామ్. నెలకి ఒకటో రెండో కొని అందులో వేస్తా. ఇక్కడ గదిలోకి ఒక కుర్చీ కూడా కొనుక్కోలేదు. ఎవరైనా చూస్తే ఈమె మనసు ఎక్కడుందో ఆ పెట్టే చెప్తుంది. పరలోకం కూడా అలాగే అనుకుంటా నేను. గంటకి ఎన్నిసార్లు గుర్తొచ్చిందని లెక్కపెట్టుకోను.

పెట్టెలో మాత్రం దొంగ సొమ్ము వెయ్యకూడదన్నా. విమానాశ్రయంలో తెరిచి చూస్తారు.

మెలకువ గలవాడు:
సిస్టర్, పెట్టె మాట బాగుంది. స్లాబు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా.

గుంటూరు గుమాస్తా:
అందరికీ థ్యాంక్స్. చెల్లి చెప్పిన పెట్టె రెండు రోజులు బుర్రలో తిరిగింది.

నిన్న ప్రకాశం జిల్లా రైతు ఒకాయన తేజ రకం 22 టిక్కీలు తెచ్చాడు. మచ్చు తీసిన కుర్రాడితో ఆ కాయలు తిరిగి బస్తాలోనే పోయమన్నా. వాడు నా వంక, ఓనరు వంక చూశాడు. "పొయ్యరా, తర్వాతే కాటా" అన్నా. గొంతు వణికింది, ఘాటు వల్ల అనుకుని ఉంటారు. తూకం అయ్యాక చీటీ రాసిచ్చా. ఓనరు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఆ నిమిషంలో పరలోకం గుర్తొచ్చిందా అంటే, లేదండీ. ఆ రైతు చెప్పులు కనిపించాయి. ఒకదానికి పిన్నీసు పెట్టి ఉంది. మా నాన్న కూడా అలాగే పెట్టుకునేవాడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ మొదట అడిగింది, "ఉద్యోగం ఉందా?" అని. ఇవాళ్టికైతే ఉంది. స్లాబు సంగతి యార్డుకి వేసవి సెలవులిచ్చాక చూస్తాం. ఈలోపు రేకుల మీదికి పట్టా కొన్నాం.