నాలుగేళ్ల పది నెలలకి గ్రాట్యుటీ ఇవ్వాలా?

ఆటోనగర్_బాబాయ్: బెజవాడలో నాకు లేత్ షాపుంది, 14 మంది పనివాళ్లు. 2020 జనవరిలో చేరిన టర్నర్ 2024 నవంబరులో మానేశాడు. ఇప్పుడు గ్రాట్యుటీ, అంటే పని మానేసేటప్పుడు ఓనరు ఇవ్వాల్సిన సర్వీసు డబ్బు, కట్టమని నోటీసు పంపించాడు. చట్టంలో ఐదేళ్లు అని ఉంది కదా?

లెక్కల_మాస్టారు: ఐదో ఏడు 240 రోజులు పనిచేస్తే ఏడాది నిండినట్టేనని మద్రాసు హైకోర్టు 1998లోనే చెప్పింది. నెలకి బేసిక్ జీతం 18,000 అనుకుంటే 15తో హెచ్చవేసి 26తో భాగించండి, అది ఒక ఏడాదికి. ఐదేళ్లకి 51,923 రూపాయలు.

ఆటోనగర్_బాబాయ్: మద్రాసు తీర్పు మద్రాసులో. పైగా లాక్‌డౌన్‌లో షాపు రెండు నెలలు మూసే ఉంది. అవి తీసేస్తే నాలుగేళ్ల ఎనిమిది నెలలే.

లెక్కల_మాస్టారు: అతని తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగదు. అతను మానేసినప్పుడు అమల్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టంలోనే ఉంది.

సరదా_సుబ్బడు: పదిమంది లోపు ఉంటే ఈ చట్టం వర్తించదుగా, అంతే ఉన్నారని రాసేయండి బాబాయ్.

లెక్కల_మాస్టారు: ఒకసారి చట్టం కిందకి వచ్చాక మనుషులు తగ్గినా వదలదు.

గోదారి_గాలి: నేను బట్టల షాపులో తొమ్మిదేళ్లు చేశా. సర్వీసు తెగేలా పదకొండు నెలలకోసారి రాజీనామా రాయించుకుని మర్నాడు మళ్లీ చేర్చుకునేవాడు ఓనరు. ఆఖర్న చేతిలో పెట్టింది స్వీటు డబ్బా. మీరంతా ఒకటే.

ఆటోనగర్_బాబాయ్: నన్నెందుకు కలుపుతావమ్మా? పనివాళ్ల ఆరోగ్య బీమా, అదే ఈఎస్ఐ, ఒక్క నెల ఆపలేదు. ఆ టర్నర్ వేలు లేత్ చక్‌లో నలిగితే గుణదల ఆసుపత్రికి నా బండి మీదే తీసుకెళ్లా.

గోదారి_గాలి: నలిగింది మీ మిషన్‌లోనేగా.

ఆటోనగర్_బాబాయ్: మాటలు జాగ్రత్త! క్రాంక్ గ్రైండింగ్ వాడికి నేర్పింది నేను. దసరాకి నా మిషన్‌కి కొబ్బరికాయ కొట్టి, నెల తిరక్కుండా ఎదురు వీధిలో షెడ్డు వేశాడు. నా కస్టమర్ల నంబర్లన్నీ వాడి ఫోన్లోనే. ఇప్పుడు వాడి లేత్‌కి అడ్వాన్సు నేను కట్టాలా?

లెక్కల_మాస్టారు: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. నష్టం చేసినందుకు మీరు తీసేసుంటే ఆ నష్టం మేరకు ఆపుకోవచ్చు. అతనంతట అతను మానేశాడు. పోటీగా షాపు పెట్టాడని ఆపడానికి సెక్షన్ లేదు.

ఆటోనగర్_బాబాయ్: ఆ 240 రోజులు ఎక్కడ రాసుందో ఫోటో పెట్టండి. నేనే చదువుకుంటా.

గోదారి_గాలి: ఆ అబ్బాయి షెడ్డు ఏ వీధిలోనో చెప్పండి. మా ట్రాక్టర్ క్రాంక్ గ్రైండింగ్‌కి ఇవ్వాలి.