యూరప్ యూదులకు పౌరసత్వం హక్కుగా దక్కిందా, బేరంగానా?

మానేరుతీరం:
1791 సెప్టెంబరులో ఫ్రాన్స్ జాతీయ సభ యూదులందరికీ పౌరసత్వం ఇచ్చింది. అందరూ దీన్ని విముక్తి అంటారు. నాకు మాత్రం బేరంగానే కనిపిస్తోంది. అంతకు రెండేళ్ల ముందే ఆ సభ సభ్యుడు క్లెర్మాంట్-టోనర్ తేల్చి చెప్పాడు: ఒక జాతిగా యూదులకు ఏమీ ఇవ్వకూడదు, వ్యక్తులుగా అన్నీ ఇవ్వాలి అని. అంటే తగవులు తీర్చుకునే, పన్నులు వసూలు చేసుకునే సొంత పంచాయతీ వదులుకోవాలి. సరే, వదులుకున్నారు. బేరం అక్కడితో ముగిసిందా? 1806లో నెపోలియన్ యూదు పెద్దల్ని పారిస్ పిలిపించి 12 ప్రశ్నలు వేశాడు. ఫ్రెంచివాళ్లను సోదరులుగా చూస్తారా, క్రైస్తవులతో పెళ్లికి మీ ధర్మం ఒప్పుకుంటుందా, ఇలాంటివి. ఫ్రాన్సే మా దేశం అని వాళ్లు జవాబిచ్చారు. అయినా 1808లో వాళ్ల అప్పుల మీద, వ్యాపారం మీద, నివాసం మీద పదేళ్ల పాటు ఆంక్షలు పెట్టాడు. పౌరులై 17 ఏళ్లు గడిచాక!

గోదారిగట్టు:
మీరు అంతా ప్రభుత్వం వైపు నుంచే చూస్తున్నారండీ. బెర్లిన్ యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్సన్ ఏ చట్టం కోసమూ ఎదురుచూడలేదు. యూదుల పవిత్ర గ్రంథం తోరాను జర్మన్‌లోకి అనువదించి హీబ్రూ లిపిలో అచ్చువేయించాడు. 1778లోనే బెర్లిన్ యూదులు తమ పిల్లలకు జర్మన్, ఫ్రెంచ్, లెక్కలు నేర్పే బడి పెట్టుకున్నారు. 1782లో యూదు రచయిత వెస్లీ లౌకిక చదువులు కావాలని రాస్తే మండిపడింది రాజు కాదు, ప్రాగ్ రబ్బీ (యూదు మతగురువు) ఎజెకియెల్ లాండౌ. గొడవ ఇంటిలోపలిది. పోయిందని మీరు బాధపడుతున్న ఆ పంచాయతీ చేతిలో వెలి వేసే అధికారం ఉండేది. మతానికి దండించే హక్కే ఉండకూడదని మెండెల్సన్ 1783లో ‘జెరూసలేం’ రాశాడు.

మానేరుతీరం:
వెలి విషయంలో మీతో పేచీ లేదు. కానీ మెండెల్సన్ పిల్లలు ఆరుగురిలో నలుగురు క్రైస్తవంలోకి వెళ్లారు కదా, అదెందుకో చెప్పండి. బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యా 1812లో పౌరసత్వం ఇచ్చింది గానీ ప్రభుత్వ పదవుల తలుపు తెరవలేదు. న్యాయశాస్త్ర పండితుడు ఎడువార్డ్ గాన్స్‌కు యూదుడిగా ఉన్నంతకాలం బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చోటు దొరకలేదు. 1825లో బాప్తిస్మం తీసుకున్నాక ప్రొఫెసర్ అయ్యాడు. దీన్ని ఇంటిలోపలి గొడవ అనగలమా?

నల్లసిరా:
ఇద్దరూ పారిస్, బెర్లిన్ దాటి రావడం లేదు. అప్పటి యూరప్ యూదుల్లో అత్యధికులు ఉన్నది రష్యా సామ్రాజ్యంలో. అక్కడ జారు (చక్రవర్తి) మొదటి నికొలస్ 1827 నుంచి 12 ఏళ్ల యూదు పిల్లల్ని కూడా సైన్యానికి తీసుకుపోయాడు. కోటా నింపాల్సిన బాధ్యత పంచాయతీ పెద్దలదే. వాళ్లు పేదిళ్ల పిల్లల్నే ముందుకు తోశారు. ఈ విషయంలో నేను గోదారిగట్టు గారి వైపే. 1844లో అదే జారు యూదులకు ఆధునిక బడులు పెడతానన్నాడు. కొడుకు కళ్లముందే సైన్యానికి పోయిన తల్లి ఆ బడిని ఎలా నమ్ముతుంది? మతం మార్చడానికే అని జనం భయపడ్డారు. ఆ భయం అజ్ఞానం కాదు. మానేరుతీరం గారు అన్న బేరం కూడా అక్కడ లేదు. ఆ ఏడాదే రష్యా పంచాయతీని రద్దు చేసేసింది, సమాన పౌరసత్వం మాత్రం 1917 విప్లవం దాకా ఇవ్వలేదు.